కంటి ఓపీ రిజిస్టర్‌కి హెచ్54 కోడ్లు వేసిన పని: ప్రాజెక్టు డైరీ

పని ఏమిటి

మా ట్రస్టు కంటి ఆసుపత్రిలో చూపు కొలతలన్నీ చేతిరాత ఓపీ రిజిస్టర్లలోనే ఉన్నాయి. వాటిలోంచి 400 మంది వివరాలు తీసుకుని, ఒక్కొక్కరికీ, జబ్బులకి కోడ్లిచ్చే అంతర్జాతీయ పట్టిక ఐసీడీ-10లోని హెచ్54 కోడ్ వేయాలి. చూపు తగ్గడానికి, అంధత్వానికి ఉన్న కోడ్ అది. రికార్డు రూమ్ తరఫున నేను, కొలతల సందేహాలు తీర్చడానికి మా ఆప్టోమెట్రిస్ట్ మేడమ్ ఇందులో ఉన్నాం. ఇదే పని పెట్టుకోబోయే వేరే ఆసుపత్రుల వాళ్ళకి ఉపయోగపడుతుందని రాస్తున్నాను. సాఫీగా జరిగినవాటిని ఒక్క ముక్కలో వదిలేసి, ఎక్కడ పని ఆగింది, ఏం మార్చాం, ఎందుకు మార్చాం అన్నదే వివరంగా రాశాను.

చేతిలో ఉన్నవి:

1. రిజిస్టర్. అందులో ఓపీ నంబరు, వయసు, కుడి కన్ను, ఎడమ కన్ను, పిన్‌హోల్, రోగ నిర్ధారణ కాలమ్‌లు ఉన్నాయి.
2. పాత కేస్ షీట్లు. అన్నీ లేవు, కొన్ని చినిగాయి.
3. ఒక ల్యాప్‌టాప్, అందులో స్ప్రెడ్‌షీట్.
4. డబ్ల్యూహెచ్ఓ ఐసీడీ-10లోని హెచ్54 పేజీ ప్రింటు. గోడకి అంటించాం.

టైపు చేసేముందే పేరు, ఊరు, ఫోన్ నంబరు తీసేశాం. ఓపీ నంబరు బదులు 1 నుంచి 400 దాకా వరుస నంబరు ఇచ్చాం. రెండిటినీ కలిపే కాగితం ఒక్కటే ఉంది, అది బీరువాలో తాళం వేసి ఉంది. ఈ మెట్టు ఎవరూ దాటేయకండి.

లెక్క: వరుసలు 400, కళ్ళు 800, కోడ్ పడినవి 0.

దశ 1: ఏ పట్టిక పట్టుకోవాలి

హెచ్54 అని వెతికితే ముందుగా కనబడేది అమెరికా పట్టిక, ఐసీడీ-10-సీఎం. హైదరాబాద్‌లో మెడికల్ కోడింగ్ చేసేవాళ్ళలో ఎక్కువమంది రోజూ వాడేది అదే, ఎందుకంటే వాళ్ళు కోడ్ చేసే బిల్లులు అమెరికా ఇన్సూరెన్స్ కంపెనీలకి వెళ్తాయి. మనకి కావాల్సింది డబ్ల్యూహెచ్ఓ వాళ్ళ ఐసీడీ-10. కోడ్ అంకె రెండిటిలోనూ ఒకేలా ఉంటుంది, అర్థం మాత్రం వేరు. పక్కపక్కన పెట్టి చూస్తే ఇలా ఉంది:

- హెచ్54.0: రెండిటిలోనూ రెండు కళ్ళ అంధత్వమే.
- హెచ్54.1: డబ్ల్యూహెచ్ఓలో రెండు కళ్ళకీ కలిపి తీవ్రమైన చూపు తగ్గుదల. అమెరికాలో ఒక కన్ను అంధత్వం, రెండో కన్ను లో విజన్ (అంధత్వం కాదు కానీ చూపు బాగా తగ్గడం).
- హెచ్54.2: డబ్ల్యూహెచ్ఓలో రెండు కళ్ళకీ కలిపి మధ్యస్థ తగ్గుదల. అమెరికాలో రెండు కళ్ళ లో విజన్.
- హెచ్54.3: డబ్ల్యూహెచ్ఓలో స్వల్ప తగ్గుదల లేదా అసలేమీ లేకపోవడం. అమెరికాలో రెండు కళ్ళలోనూ చూపు తగ్గింది, ఎంతో రాయలేదు అని.
- హెచ్54.4: రెండిటిలోనూ ఒక కన్ను అంధత్వం. అమెరికా పట్టికలో రెండో కన్ను మామూలుగా ఉండాలి.
- హెచ్54.5, హెచ్54.6: డబ్ల్యూహెచ్ఓలో ఒక కంటికి తీవ్ర, మధ్యస్థ తగ్గుదల. అమెరికాలో ఒక కంటి లో విజన్, ఒక కంటికి ఎంతో తెలియని తగ్గుదల.
- హెచ్54.8: అమెరికా చట్టం చెప్పే అంధత్వం. డబ్ల్యూహెచ్ఓ పట్టికలో ఈ కోడే లేదు.

అన్నిటికన్నా ప్రమాదం హెచ్54.3తో. ఒక పట్టికలో అది చూపు బాగానే ఉందని చెబుతుంది, ఇంకో పట్టికలో రెండు కళ్ళూ దెబ్బతిన్నాయని చెబుతుంది. ఈ రెండూ కలిసిపోయిన షీట్ పైకి పంపితే లెక్కంతా తలకిందులే. పాత అచ్చు పుస్తకం దొరికినా జాగ్రత్త. డబ్ల్యూహెచ్ఓ ఈ అర్థాలని మార్చింది 2010 కూర్పులో. అంతకుముందు పుస్తకాల్లో హెచ్54.1 అర్థం ఇప్పటి అమెరికా పట్టికకే దగ్గరగా ఉంటుంది.

అందుకే షీట్ మొదటి వరుసలోనే పట్టిక పేరు, కూర్పు సంవత్సరం రాసి లాక్ చేశాం.

మేం వాడిన తరగతులు ఇవి (6/18 అంటే, మంచి చూపున్నవాళ్ళు 18 మీటర్ల నుంచి చదివే అక్షరాన్ని వీళ్ళు 6 మీటర్ల దగ్గర చదువుతారని):

- 0: 6/18, అంతకన్నా మెరుగు
- 1: 6/18 కన్నా తక్కువ, 6/60 వరకు
- 2: 6/60 కన్నా తక్కువ, 3/60 వరకు
- 3: 3/60 కన్నా తక్కువ, 1/60 వరకు
- 4: 1/60 కన్నా తక్కువ, వెలుతురు తెలిసేదాకా
- 5: వెలుతురు కూడా తెలియదు
- 9: తేల్చలేనిది

సరిహద్దు అంకె ఎప్పుడూ పై తరగతిదే. సరిగ్గా 6/18 చదివితే 0, సరిగ్గా 6/60 అయితే 1, సరిగ్గా 3/60 అయితే 2. షీట్‌లో "కన్నా తక్కువ", "సమానం లేదా తక్కువ" అన్న రెండు గుర్తులు తారుమారైతే సరిహద్దులో ఉన్నవాళ్ళంతా ఒక తరగతి కిందికి జారతారు. మన రిజిస్టర్లలో 6/60 చాలా ఎక్కువగా కనబడే అంకె. గోడకి పెట్టి చదివించే స్నెల్లెన్ చార్టులో అన్నిటికన్నా పై అక్షరం అదే కదా. అందుకే ముందుగా ఈ మూడు అంకెలతోనే ఫార్ములాని పరీక్షించండి.

దశ 2: 6/60 కాస్తా జూన్ 1960 అయింది

వరుసలన్నీ టైపు చేశాక షీట్ తెరిస్తే చూపు కాలమ్ నిండా నెలలు, సంవత్సరాలు కనిపించాయి. స్ప్రెడ్‌షీట్ 6/60ని తేదీ అనుకుంటుంది. మా కంప్యూటర్‌లో తేదీ భారతీయ పద్ధతిలో, అంటే రోజు ముందు, నెల తరవాత ఉంది. ఆ అమరికలో జరిగింది ఇది:

- 6/6 → 06 జూన్
- 6/9 → 06 సెప్టెంబర్
- 6/12 → 06 డిసెంబర్
- 6/18 → జూన్ 2018
- 6/24 → జూన్ 2024
- 6/36 → జూన్ 1936
- 6/60 → జూన్ 1960
- 3/60 → మార్చి 1960

12 వరకు ఉన్న అంకెని నెలగా, అంతకు మించితే సంవత్సరంగా తీసుకుంది. 36, 60 పోయిన శతాబ్దానికి వెళ్ళాయి.

కాలమ్‌ని టెక్స్ట్‌గా మారిస్తే సరిపోతుందనిపిస్తుంది. సరిపోదు. అప్పుడు తేదీ కూడా పోయి దాని వెనకున్న క్రమ సంఖ్య మిగులుతుంది. 6/60 ఉన్న చోట 22068, 3/60 ఉన్న చోట 21976, 6/36 ఉన్న చోట 13302 కనిపిస్తాయి. ఇవి చూసి కంగారుపడి మళ్ళీ 400 వరుసలు టైపు చేయాల్సిన పని లేదు. ఒక్కో చూపు కొలతకి ఒక్కటే తేదీ వస్తుంది కాబట్టి వెనక్కి తేవచ్చు:

1. చూపు కాలమ్ పక్కన ఖాళీ కాలమ్ చేర్చండి.
2. విడిగా ఒక చిన్న షీట్‌లో పై జాబితా రాయండి. ఎడమ పక్క నెల, సంవత్సరం. కుడి పక్క అసలు కొలత.
3. 6/6, 6/9, 6/12లకి సంవత్సరం చూడకండి. టైపు చేసిన ఏడాదే అక్కడ పడుతుంది. రోజు 6 అవునా కాదా, నెల ఏది అన్నది చాలు.
4. మిగతావాటికి నెల, సంవత్సరం రెండూ సరిపోవాలి.
5. సరిపోనివి ఎర్ర రంగులో వదిలి, రిజిస్టర్ తీసి కళ్ళతో చూసి దిద్దండి.

వేరే కంప్యూటర్‌లో అమెరికా తేదీ అమరిక ఉంటే 6/9 జూన్ 9 అవుతుంది, 6/18 జూన్ 18 అవుతుంది. ఇద్దరు టైపు చేస్తే రెండు కంప్యూటర్ల అమరికనీ ముందే ఒకటి చేసుకోవాలి.

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి ఈ తిప్పలేమీ అక్కర్లేదు. ఖాళీగా ఉన్నప్పుడే చూపు కాలమ్ మొత్తాన్ని టెక్స్ట్‌గా పెట్టి, ఆ తరవాతే టైపు మొదలుపెట్టండి. 6-60 అని గీతతో రాసినా తేదీయే అవుతుంది, ఆ ఉపాయం పనిచేయదు.

లెక్క: కళ్ళు 800. తేదీలుగా మారినవి 538, అన్నీ వెనక్కి వచ్చాయి. అక్షరాలతో రాసినవి, ఖాళీవి కలిపి 262.

దశ 3: చూపు రాసే తీరు ఎన్ని రకాలు

ఆ 262లో ఏమున్నాయో విడదీశాం.

- వేళ్ళ లెక్క, చేతి కదలిక, వెలుతురు తెలియడం లాంటివి 121
- కొలత పక్కన "పీ" ఉన్నవి 96
- ఖాళీ, చదవలేనివి 25
- పిల్లల రాతలు, అంకె లేనివి 11
- దశాంశాల్లోనో, 20 అడుగుల లెక్కలోనో ఉన్నవి 9

వేళ్ళ లెక్కతో మొదలుపెట్టాం. "సీఎఫ్ 3 మీ", "ఎఫ్‌సీ 3ఎంటీ", "వేళ్ళు 3 మీ" ఈ మూడూ ఒకటే, 3/60. తరగతి 2. "సీఎఫ్ 2 మీ" తరగతి 3. "సీఎఫ్ 1 మీ" కూడా 3లోనే ఆగుతుంది, పట్టికలో 1/60 పక్కనే మీటరు దూరంలో వేళ్ళు లెక్కపెట్టడం అని ఉంది. "సీఎఫ్ అర మీ", "సీఎఫ్‌సీఎఫ్" అంటే ముఖం దగ్గర పెడితేనే వేళ్ళు తెలియడం, "హెచ్ఎం" అంటే చేతి కదలిక, "పీఎల్ ప్లస్" అంటే వెలుతురు తెలియడం, ఇవన్నీ తరగతి 4. "పీఎల్ మైనస్", "నో పీఎల్", "ఎన్‌పీఎల్" తరగతి 5.

ఇక్కడ ఒక చోట చాలాసేపు ఆగాం. "పీఎల్" అని మాత్రమే రాసి, పక్కన ప్లస్సో మైనస్సో లేని వరుసలు ఉన్నాయి. వెలుతురు తెలిసిందా, పరీక్ష చేశారని మాత్రమే అర్థమా? తెలిసిందంటే 4, తెలియదంటే 5. కేస్ షీట్‌లో కంటిపాప స్పందన, ఆపరేషన్ సలహా ఉన్నాయేమో చూసి డాక్టరు గారిని అడిగి తేల్చుకున్నాం. ఊహించి ఏదీ వేయలేదు.

"పీ" అంటే పార్షియల్. 6/18 పీ అంటే ఆ లైనులో కొన్ని అక్షరాలు తప్పాయి. తప్పితే 6/18 చదివినట్టా, చదవనట్టా? చదివినట్టయితే తరగతి 0, లేదంటే 1. మేడమ్ చెప్పిన పద్ధతి ఏమిటంటే, మా దగ్గర లైనులో సగానికి మించి చదివితేనే ఆ లైను రాసి పక్కన పీ పెడతారు. కాబట్టి పీ ఉన్నా ఆ లైనుదే తరగతి అని నియమం పెట్టాం. మీ ఆసుపత్రిలో పద్ధతి వేరే ఉండొచ్చు. ముందు అడిగి, నియమాన్ని షీట్‌లోనే రాసిపెట్టుకోండి. సరిహద్దు లైన్లయిన 6/18, 6/60ల పక్కన పీ ఉన్నవాటికి మాత్రం పసుపు రంగు వేశాం.

దశాంశాలు తొమ్మిదే అయినా, ఎక్కువ హాని చేయగలిగేవి అవే. ఒక వరుసలో "0.1" అని ఉంది. దశాంశ పద్ధతిలో 0.1 అంటే 6/60. అంకె పెరిగేకొద్దీ చూపు తగ్గినట్టు లెక్కపెట్టే లాగ్‌మార్ పద్ధతిలో 0.1 అంటే దాదాపు 6/7.5, అంటే మంచి చూపు. లాగ్‌మార్‌లో 6/60కి వచ్చేది 1.0. ఒకే అంకె, రెండు పద్ధతుల్లో ఒకటి దాదాపు మామూలు చూపు, ఇంకోటి చార్టులో పై అక్షరం. పిల్లల దగ్గర అమెరికాలో ఉండి వచ్చినవాళ్ళు తెచ్చిన కాగితాల్లో 20/200, 20/70 అని ఉంటుంది. 20/200 అంటే 6/60, ఇబ్బంది లేదు. తొమ్మిదిలో ఐదు తేలాయి. నాలుగింటికి ఏ పద్ధతో రాయలేదు, అవి 9లోకి వెళ్ళాయి.

చిన్నపిల్లలకి "వెలుతురు వైపు చూస్తోంది, బొమ్మని వెంబడిస్తోంది" అని రాసి ఉంది. దాన్ని అంకెలోకి మార్చే ప్రయత్నం చేయలేదు. అవన్నీ 9.

లెక్క: కళ్ళు 800. తరగతి 0 నుంచి 5 వరకు తేలినవి 760. తరగతి 9: 40 (ఖాళీ 25, పిల్లలు 11, దశాంశాలు 4).

దశ 4: అద్దాలతోనా, అద్దాలు లేకుండానా

ఇది చదివేవాళ్ళు ఒక్క దశే చదవగలిగితే ఇది చదవండి.

డబ్ల్యూహెచ్ఓ పట్టిక అడిగేది, మనిషి రోజూ ఎలా తిరుగుతాడో అలా చూస్తే ఎంత కనిపిస్తుందని. అద్దాలు వాడేవాళ్ళయితే ఆ అద్దాలతో, వాడనివాళ్ళయితే వట్టి కళ్ళతో. 2010కి ముందు పట్టిక మంచి అద్దాలు పెట్టాక వచ్చే చూపుని అడిగేది. మన దేశంలో 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ఇప్పటికీ అదే అడుగుతుంది. బాగున్న కంటిలో, సాధ్యమైనంత మంచి అద్దాలతో 3/60 కన్నా తక్కువ ఉంటే చట్టం దృష్టిలో అంధత్వం. జాతీయ అంధత్వ నివారణ కార్యక్రమం మాత్రం 2017లో తన హద్దుని 6/60 నుంచి 3/60కి మార్చి, రోజువారీ చూపునే లెక్కలోకి తీసుకుంటోంది.

దీనివల్ల ఒకే మనిషికి రెండు జవాబులు వస్తాయి. మా వరుసల్లో ఒకామెకి ఎక్కువ మైనస్ పవర్ ఉంది. అద్దాలు విరిగిపోయాయి, కొత్తవి కొనుక్కోలేదు. రెండు కళ్ళూ సీఎఫ్ 2 మీ. పవర్ పరీక్ష చేశాక 6/12. రోజువారీ చూపు లెక్కన ఆమెది తరగతి 3, అంధత్వం. వైకల్య సర్టిఫికెట్ ఇచ్చే సదరం క్యాంపుకి వెళ్తే లోపం 0 శాతం. రెండూ నిజమే. మొదటిది ఆమెకి వెంటనే అద్దాలు కావాలని చెబుతోంది, రెండోది పింఛను రాదని చెబుతోంది. మొదటి కోడ్ రాయకపోతే ఆమె ఏ లెక్కలోనూ కనబడదు, అద్దాలిచ్చే జాబితాలోకి కూడా రాదు. అందుకే ఇంత పట్టు పట్టాం.

రిజిస్టర్‌లో ఈ సంగతి రాసే చోటే లేదు. "కుడి కన్ను 6/60" అని ఉంది, అద్దాలతోనో లేకుండానో లేదు. కొన్ని చోట్ల పవర్ కాలమ్ లేక, మార్జిన్‌లో "విత్ గ్లాస్" అని రాశారు. 400లో 251 వరుసలకి ఏదో ఒక గుర్తు ఉంది. 149కి ఏ గుర్తూ లేదు. కేస్ షీట్లు వెతికితే ఇంకో 88 తేలాయి. 61 తేలలేదు. ఆ 61 మందికి చూపు అంకె ఉన్నా కోడ్ వేయలేదు.

కొత్త ఓపీకి కౌంటర్ దగ్గర అడిగే ప్రశ్న మార్చాం. మొదట "అద్దాలున్నాయా?" అని అడిగాం. అది చాలదని ఒక పెద్దాయనతో తెలిసింది. కౌంటర్‌లో అమ్మాయి అడిగింది, "తాతా, అద్దాలున్నాయా?" "ఉన్నాయమ్మా" అన్నాడు. ఫారంలో అవును అని పడింది. లోపల చార్టు ముందు కూర్చోబెట్టి మేడమ్ అద్దాలు పెట్టుకోమంటే, పంచె మడతలోంచి చిన్న సంచి తీశాడు. అవి దగ్గర చదవడానికి సంతలో కొన్న ప్లస్ అద్దాలు. వాటితో దూరం చూస్తే చార్టు ఇంకా మసకబారింది. రోజూ ఆయన తిరిగేది వట్టి కళ్ళతోనే.

ఇప్పుడు ప్రశ్నలు మూడు:

1. దూరం చూడ్డానికి రోజూ పెట్టుకునే అద్దాలు ఉన్నాయా?
2. ఉంటే ఈ రోజు తెచ్చుకున్నారా?
3. తేకపోతే ఇంట్లో ఉన్నాయా, విరిగాయా, పోయాయా?

ఇంట్లో మరిచిపోయి వస్తే ఆ రోజు కొలత రోజువారీ చూపు కాదు. మళ్ళీ వచ్చినప్పుడు తెమ్మని చెప్పి, కోడ్ గడి ఖాళీగా పెడతాం. విరిగి కొత్తవి కొనకపోతే వట్టి కంటి కొలతే రోజువారీ చూపు. రెండు కొలతలకీ రెండు కాలమ్‌లు పెట్టాం: "రోజువారీ", "మంచి అద్దాలతో". హెచ్54కి మొదటిది, సదరానికి రెండోది. ఒకదాని బదులు ఇంకోటి వాడకూడదని పైన ఎర్ర అక్షరాల్లో రాశాం.

లెక్క: వరుసలు 400. అద్దాల సంగతి తేలినవి 339, తేలనివి 61.

దశ 5: రెండు కళ్ళు, ఒక కోడ్

బాగున్న కన్ను తీసుకుని కోడ్ వేస్తే పని అయిపోతుందని ఫార్ములా అలాగే రాశాం. 3, 4, 5 అయితే హెచ్54.0, 2 అయితే హెచ్54.1, 1 అయితే హెచ్54.2, 0 అయితే హెచ్54.3. తరవాత గోడ మీది ప్రింటులో పట్టిక కింద ఉన్న గమనిక మళ్ళీ చదివాం. హెచ్54.0 నుంచి హెచ్54.3 వరకు చూపుని రెండు కళ్ళూ తెరిచి కొలవాలి, హెచ్54.4 నుంచి హెచ్54.6 వరకు ఒక్కో కన్ను విడిగా కొలవాలి అని అందులో ఉంది.

నేను చూసిన ఏ రిజిస్టర్‌లోనూ రెండు కళ్ళూ తెరిచి కొలిచిన కాలమ్ లేదు. కుడి, ఎడమ మాత్రమే ఉంటాయి. పాతవాటికి బాగున్న కంటి కొలతే ప్రత్యామ్నాయంగా తీసుకుని, "అంచనా" అని గుర్తు పెట్టాం. కొత్త ఓపీ ఫారంలో మూడో గడి చేర్చాం. దానికి మేడమ్‌కి పట్టే సమయం కొంచెమే. ఎడమ కన్ను చదివాక అరచెయ్యి తీసేసి అదే లైను ఇంకోసారి చదివించడం, అంతే.

ఒక కన్ను పూర్తిగా పోయి రెండో కన్ను 6/36 ఉన్నవాళ్ళ దగ్గర మళ్ళీ ఆగాం. హెచ్54.2 వేయాలా, హెచ్54.4 వేయాలా? ఒక కంటి అంధత్వం కోడ్‌లో రెండో కన్ను 0, 1, 2, 9 ఏదైనా ఉండొచ్చని పట్టికే చెబుతోంది. మేం తీసుకున్న నిర్ణయం రెండు కాలమ్‌లు. ఒకటి మనిషి కోడ్, హెచ్54.0 నుంచి హెచ్54.3 వరకు. ఇంకోటి కంటి కోడ్, హెచ్54.4 నుంచి హెచ్54.6 వరకు. ఆ మనిషి రెండిటిలోనూ ఉంటాడు. మొత్తాలు వేసేటప్పుడు మాత్రం ఈ రెండు కాలమ్‌లని కలిపి కూడకూడదు, ఒకే మనిషి రెండుసార్లు లెక్కకి వస్తాడు.

ఒక కన్ను పోయి రెండోది 6/6 ఉన్నవాళ్ళ గురించి రోగుల ఇంటివాళ్ళు తరచూ అడుగుతారు. వైకల్య శాతం లెక్కకట్టే 2018 ప్రభుత్వ మార్గదర్శకాల పట్టికలో దానికి 30 శాతం. పింఛనుకి 40 కావాలి. కంటి కోడ్ హెచ్54.4 చూపించి అంధత్వం ఉందని వాదించినా సర్టిఫికెట్ మారదు, ఆ రెండూ వేరు కొలబద్దలు. ఈ మాట కౌంటర్ దగ్గరే మెల్లగా చెప్పేస్తున్నాం, లేకపోతే పాపం బస్సు ఛార్జీలు పెట్టుకుని క్యాంపుల చుట్టూ తిరుగుతారు.

దశ 6: చార్టు బాగా చదివినా చూపు లేనివాళ్ళు

నీటికాసులు బాగా ముదిరినవాళ్ళు, రేచీకటితో మొదలై రెటీనా దెబ్బతిన్నవాళ్ళు 6/9 చదువుతారు, కానీ గుమ్మం తట్టుకుని పడతారు. మధ్యలో చిన్న గుండ్రం మాత్రమే కనిపిస్తుంది. పట్టిక ప్రకారం బాగున్న కంటిలో ఆ గుండ్రం వ్యాసార్ధం 10 డిగ్రీలు మించకపోతే తరగతి 3, చార్టులో ఎంత చదివినా సరే. మా ఫార్ములా వీళ్ళందరికీ హెచ్54.3 వేసింది, అంటే ఏ లోపం లేదని.

దిద్దడానికి ఫీల్డ్ ప్రింట్లు, అంటే చుట్టూ ఎంత మేర కనిపిస్తుందో చూపే పరీక్ష కాగితాలు, తీశాం. ఇక్కడ రెండు జాగ్రత్తలు. మొదటిది, పట్టిక చెప్పేది వ్యాసార్ధం, అంటే మధ్య నుంచి అంచు దాకా. అంచు నుంచి అంచు దాకా కొలిచి 10 అని వెతికితే చాలామంది తప్పిపోతారు. రెండోది, 24-2 అనే ఫీల్డ్ పరీక్ష ప్రింటులో చుక్కలు 6 డిగ్రీల దూరంలో ఉంటాయి. 3, 9, 15 డిగ్రీల దగ్గర పడతాయి, సరిగ్గా 10 దగ్గర చుక్క లేదు. 2 డిగ్రీలకో చుక్క ఉండే 10-2 పరీక్ష అయితే మధ్యభాగం వివరంగా తెలుస్తుంది. ప్రింటు మీద ఉండే సగటు లోపం డెసిబెల్ అంకెని చూసి తరగతి వేయొద్దు, అది వ్యాసార్ధం కాదు. వేసేది డాక్టరు గారే, రికార్డు రూమ్ కాదు. షీట్‌లో "ఫీల్డ్ తరగతి" అని వేరే కాలమ్ పెట్టాం. అది నిండితే చార్టు తరగతిని దాటి అదే నిలుస్తుంది.

దశ 7: కారణం ముందు, చూపు తరవాత

హెచ్54 ఒక్కటే రాస్తే ఎందుకు తగ్గిందో తెలియదు. కారణం కోడ్ ముందు, హెచ్54 దాని పక్కన. రిజిస్టర్‌లో తరచూ వచ్చేవి కొన్నే. వయసుతో వచ్చే శుక్లం హెచ్25, నీటికాసులు హెచ్40, మాక్యులా అరుగుదల హెచ్35.3, నల్లగుడ్డు మీద మచ్చ హెచ్17, కంట్లో లెన్స్ లేకపోవడం హెచ్27.0, దగ్గరి చూపు మాత్రమే ఉండే మైనస్ పవర్ హెచ్52.1. షుగర్ వల్ల రెటీనా దెబ్బతింటే రెండు కోడ్లు కలిసి వస్తాయి: ఈ11.3, హెచ్36.0.

శుక్లం ఆపరేషన్ అయినవాళ్ళ దగ్గర ఒక సంగతి తేలింది. ఆపరేషన్‌కి ముందు హెచ్54.0, నెల తరవాత 6/9. ఇంకా పాత కోడే రిపోర్టులోకి పోతోంది. కోడ్ మనిషికి కాదు, ఆ రోజు కొలతకి. అందుకని ప్రతి వరుసకీ కొలత తేదీ తప్పనిసరి చేశాం. (ఈ తేదీ కాలమ్‌ని మాత్రం తేదీగానే ఉంచండి.)

దశ 8: ఇద్దరు వేసి సరిచూడటం

50 వరుసలు తీసుకుని నేనూ మేడమ్ విడివిడిగా కోడ్ వేశాం. 41 కలిశాయి, 9 కలవలేదు. తొమ్మిదిలో నాలుగు "పీ" దగ్గర, మూడు మనిషి కోడ్–కంటి కోడ్ దగ్గర, రెండు అద్దాల దగ్గర. ఆ మూడు నియమాలూ ఒక పేజీలో రాసి పెట్టుకుని, ఇంకో 50 వేస్తే 2 మాత్రమే కలవలేదు, రెండూ పీఎల్ గుర్తు లేనివే.

హైదరాబాద్‌లో అమెరికా కోడింగ్ చేసే స్నేహితుడికి ఈ షీట్ చూపించాను. వాళ్ళ పట్టికలో 2017 అక్టోబర్ 1 నుంచి ప్రతి కంటి తరగతీ కోడ్‌లోనే ఉంటుంది. చివరి రెండు స్థానాల్లో ముందుది కుడి కన్ను, తరవాతది ఎడమ కన్ను. హెచ్54.0ఎక్స్34 అంటే కుడి కన్ను 3, ఎడమ 4. మామూలు కన్ను అయితే అంకె బదులు ఇంగ్లీషు 'ఏ' అక్షరం వస్తుంది. కుడి కన్ను 3, ఎడమ బాగుంటే హెచ్54.413ఏ. ఎడమ 3, కుడి బాగుంటే హెచ్54.42ఏ3. మా షీట్‌లో రెండు కళ్ళ తరగతులు విడిగా ఉన్నాయి కాబట్టి ఆ కోడ్ కావాలన్నా అక్కడినుంచే వస్తుంది. ఒక్క చోట అతను హెచ్చరించాడు. 20/200 చదివినవాళ్ళు తరగతి 1లో ఉంటూనే అమెరికా చట్టం ప్రకారం అంధులవుతారు. అయినా హెచ్54.8 అన్నది డాక్టరు ఆ మాట రాస్తేనే వేస్తారట, కొలత చూసి కోడర్ వేయడు.

లెక్క: వరుసలు 400. కోడ్ ఖరారైనవి 318. ఆగినవి 82 (అద్దాల సంగతి తేలనివి 61, తరగతి 9 వల్ల ఆగినవి 21).

మిగిలిన పని

1. ఆగిన 82 మందిలో ఫోన్ నంబరు ఉన్నవాళ్ళని, రోజూ వాడే అద్దాలతో సహా మళ్ళీ పరీక్షకి రమ్మని పిలవడం. బీరువాలోని కాగితం తీసేది ఈ ఒక్క పనికే.
2. పిల్లల 11 కళ్ళకీ చదవడం రాని పిల్లల చార్టుతో కొలత తీయగలరేమో మేడమ్ చూస్తారు.
3. ఐసీడీ-11కి కాలమ్ సిద్ధం చేయడం. అందులో ఈ కోడ్ 9డీ90. 6/12 కన్నా తక్కువ, 6/18 వరకు ఉన్నవాళ్ళని స్వల్ప తగ్గుదలగా విడదీస్తుంది. దగ్గర చూపు కూడా అడుగుతుంది, 40 సెంటీమీటర్ల దగ్గర ఎన్6 (చిన్న అచ్చు అక్షరాల సైజు) చదవగలరా అని. రోజువారీ చూపు కాలమ్‌లో అంకె ఉంది కాబట్టి మొదటిది ఇప్పుడే వస్తుంది. రెండోది పాత రిజిస్టర్‌లో లేదు. ఓపీ ఫారంలో దగ్గర చూపు గడిని, చదివిన దూరంతో సహా, ఈ నెల ప్రింటింగ్‌కి ఇచ్చిన ఫారంలో చేర్చాం.